షంషు రుద్దిన అతుకు

ఆదివారం వచ్చిందంటే చాలు, ప్రొద్దుటూరు షంషుద్దీన్ మోపెడ్‌కి సంచీ తగిలించుకుని బయల్దేరతాడు. సంచీలో మూడు స్ప్రే డబ్బాలు, పాత నూలు గుడ్డలు, ఒక భూతద్దం. ఎప్పుడో తను వెల్డింగ్ చేసిన ట్రాక్టర్ ట్రాలీ ఇప్పుడు ఏ ఊళ్ళో ఉంది, ఏ మిల్లులో తను చేసిన ఇనుప మెట్లున్నాయి అని అడుగుతూ తిరుగుతాడు. దొరికితే యజమాని వద్దంటున్నా వినడు, రంగు చల్లి చూసి గానీ వదలడు. జనం పిచ్చి పట్టిందంటున్నారు. భార్య మున్నీ ఒకరోజు నాకు ఫోన్ చేసి, "మీ దగ్గర సదువుకోని వచ్చినంకనే ఈ మనిషి ఇట్లయినాడు మేడమ్" అని నిష్ఠూరమాడింది. ఆమె అన్నది న్యాయమే. ఆ చదువు చెప్పింది నేను. అందులో ఒక ముక్క చెప్పకుండా వదిలేసిందీ నేనే.

నా పేరు హేమలత. పులివెందులలో ఒక శిక్షణ కేంద్రంలో ఇనుప సామాన్లలో పగుళ్ళు కనిపెట్టే పరీక్షలు నేర్పుతాను. నాకు నోటి దురుసు ఎక్కువని పేరు. ఉన్న మాటే, దాచేదేముంది.

షంషుద్దీన్‌కి యాభై మూడేళ్ళు. ముప్పై ఏళ్ళుగా ప్రొద్దుటూరులో వెల్డింగ్ షెడ్డు నడుపుతున్నాడు. అది బంగారం ఊరు. నగకి అతుకు కనబడితే అక్కడ కొనే దిక్కుండదు. ఆ రోగం ఇనుముకీ అంటుకుంది. గేటు మీద వెల్డింగ్ గీత కనబడినా సరే, "ఏంది షంషూ, పుండు మాదిరి ఉండాది" అని మొహం చిట్లిస్తారు. అందుకే అతను వెల్డింగ్ కాగానే గ్రైండర్ పట్టి, అతుకు ఎక్కడుందో వేలికి కూడా తెలియనంత నున్నగా రుద్దుతాడు. షంషు అతుకంటే అసలు అతుకే లేనట్టు అని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆ మాటంటే అతనికి ప్రాణం.

జమ్మలమడుగు అవతల ఓబుళరెడ్డి అనే ఆసామికి నాపరాళ్ళ ఫ్యాక్టరీ ఉంది. అక్కడ క్రేన్‌కి వేలాడుతూ, బండని కట్టి లేపే పెద్ద ఇనుప దూలాన్ని తొమ్మిదేళ్ళ కిందట షంషుద్దీనే చేశాడు. దూలం నడుమ కన్నమున్న ఇనుప చెవి ఒకటి అతికి ఉంటుంది, దానికి క్రేన్ కొక్కెం తగిలిస్తారు. నాలుగు టన్నుల బండ బరువంతా ఆ చెవి అతుకు మీదే ఉంటుంది. బండ గాల్లో ఉన్నంతసేపూ కింద నిలబడి దాన్ని చేత్తో తిప్పి దారిలో పెట్టే మనిషి యేసుబాబు. కొండాపురం వైపు అతని ఊరు రిజర్వాయరు నీళ్ళలో పోయింది. పునరావాస కాలనీకి వచ్చాక పొలం లేక ఈ పనిలో చేరాడు.

తనిఖీకి వచ్చినవాళ్ళు ఆ దూలానికి పగుళ్ళ పరీక్ష కాగితం ఏదీ అని అడిగారు. ఓబుళరెడ్డి షంషుద్దీన్‌ని పిలిపించి, "బయటోన్ని యాడ తెచ్చేది? నువ్వే చేసినావు, నువ్వే నేర్సుకోని సూడు" అన్నాడట. అలా అతను నా ఆదివారం తరగతికి వచ్చాడు. చేసినవాడే తన పనిని పరీక్షించకూడదని నేను ఆరోజే అనాల్సింది. కాగితం మీద కింద నా సంతకం కూడా ఉంటుంది కదా, అంతకంటే ఏం కావాలి అనుకున్నాను. నా మిడిసిపాటుకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పరీక్ష చూడ్డానికి తేలికే. ఇనుముకి నూనె, మురికి లేకుండా శుభ్రం చేయాలి. ఎర్ర రంగు చల్లి పదిహేను నిమిషాలు ఆగాలి. పగులుంటే రంగు అందులోకి ఇంకుతుంది. పైన మిగిలిన రంగుని ద్రావకంతో తడిపిన గుడ్డతో తుడిచేసి తెల్లటి పొడి చల్లితే, పగుల్లో దాక్కున్న ఎరుపు ఆ తెలుపు మీదికి గీతలా ఊరుతుంది.

"ఈ పదిహేను నిమిషాలు ఊరికే కూసోవల్లనా మేడమ్?" అన్నాడు మొదటిరోజే.

"కూసోవల్ల. మనం తొందరపడితే రంగు తొందరపడదు."

మొదటి వారం శుభ్రం చేసే ద్రావకాన్ని గుడ్డ మీద కాకుండా నేరుగా ఇనుము మీదే కొట్టి, పగుల్లోని రంగంతా కడిగేశాడు. అందరి ముందూ గట్టిగా తిట్టాను. నవ్వి మళ్ళీ మొదలుపెట్టాడు. మూడో వారానికల్లా ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళకి కనబడని వెంట్రుకంత పగుళ్ళు పట్టేస్తున్నాడు. ఇంత శ్రద్ధగల విద్యార్థి నాకు దొరకలేదని పొంగిపోయాను.

నాలుగో వారం మధ్యలో వెళ్ళి దూలాన్ని పరీక్షించి ఫోటోలు పంపాడు. చెవి చుట్టూ తెల్లగా ఉంది, ఎక్కడా ఎర్రటి చుక్క లేదు. కింద "నా అతుకు సూడు మేడమ్" అని సందేశం. చూశాను, మెచ్చుకున్నాను, సంతకం పెట్టాను. ఓబుళరెడ్డి ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించి, పనివాళ్ళందరికీ కనబడేలా గోడకి తగిలించాడు.

ఆరో ఆదివారం షంషుద్దీన్ ఒక పాత ట్రాలీ కొండి తెచ్చాడు. నిన్న షెడ్డులో రంగు వేస్తే దాని అతుకు మీద బెత్తెడు పగులు కనబడిందట, అది తరగతికి చూపించాలని ముచ్చట. అందరం చుట్టూ చేరాం. రంగు చల్లాడు, ఆగాడు, తుడిచాడు, పొడి చల్లాడు. పది నిమిషాలైనా ఏమీ రాలేదు. కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. అతను వెలవెలబోయాడు.

"నిన్న నా కండ్లతో సూసినా మేడమ్. ఒట్టు."

"నిన్నటికీ ఈరోజుకీ మధ్య దీన్నేం చేశావ్?"

"ఏం చేసినా? పదిమందిలోకి తెస్తాండా గదా అని పొద్దున రోంత గ్రైండర్ పట్టినా. మళ్ళ శుభ్రంగా తుడిసినా."

గ్రైండర్ రుద్దితే పైపొర ఇనుము సాగి పగులు నోటి మీద పడుతుంది. పగులు అలాగే ఉంటుంది, నోరు మాత్రం మూసుకుంటుంది. రంగు లోపలికి పోయే దారి ఉండదు. వెల్డింగ్ పనివాడికి ఇది వేరే చెప్పాలా అనుకుని నేను ఈ ముక్క వదిలేశాను. శుభ్రం చేయడమంటే అతని షెడ్డులో రుద్దడమేనని ఒక్కసారైనా అడిగి తెలుసుకోలేదు.

చెప్పాను. అతను కుర్చీలో కూర్చున్నాడు. "మేడమ్, ఆ దూలం చెవిని గూడా రుద్దినాకే సూసినా" అన్నాడు.

షంషుద్దీన్ ఓబుళరెడ్డికి ఫోన్ చేస్తే, "కాగితం మీద సంతకం నీదే గదప్పా? మళ్ళ ఏంది? ఈరోజు లోడు పోవల్ల" అని పెట్టేశాడు. యేసుబాబు ఫోన్ ఎత్తలేదు. ఆదివారం చర్చి అయ్యాక మధ్యాహ్నం పనిలోకి దిగుతాడని షంషుద్దీన్‌కి తెలుసు. డబ్బాలతో పాటు ల్యాబులోని యాసిడ్ సీసా కూడా తీసుకున్నాను. రుద్దిన పైపొరని అది తినేస్తే పగులు నోరు మళ్ళీ తెరుచుకుంటుంది. నా స్కూటర్ అతను నడిపాడు, నేను వెనక కూర్చున్నాను. ఇంత భయం నా జన్మలో పడలేదు.

మేం వెళ్ళేసరికి బండ గాల్లో ఉంది. కింద యేసుబాబు చేతులెత్తి దాన్ని తిప్పుతున్నాడు. షంషుద్దీన్ స్కూటర్ సరిగా ఆపకుండానే పరిగెత్తి, అతని భుజం పట్టి అవతలికి లాగేశాడు.

"దించండప్పా! నా అతుకు బాగలేదు. దించండి!"

ఓబుళరెడ్డి ఆఫీసులోంచి వచ్చాడు. "బాగలేదని సూసినావా?"

"ఇంకా సూల్లేదు రెడ్డీ."

"సూడకుండానే పని నిలబెడతావా? పక్కకు రా."

"రాను. దించేదాకా ఎవురినీ దాని కిందికి పోనియ్యను."

నేనూ నోరు చేసుకున్నాను. పర్యవేక్షణ సంతకం నాదని, దాన్ని ఈ నిమిషమే వెనక్కి తీసుకుంటున్నానని, రేపు ఏదైనా అయితే ఈ మాట పోలీసులకి నేనే చెబుతానని అరిచాను. క్రేన్ నడిపేవాడు రెడ్డి సైగ కోసం ఆగకుండా బండని నేలకి దించాడు.

దూలాన్ని షెడ్డు నీడలోకి తెప్పించాం. ఎండకి కాలిన ఇనుము మీద రంగు ఎండిపోతుంది, చల్లారేదాకా ఆగాలి. యాసిడ్ రాసి, కడిగి, ఆరబెట్టి, రంగు చల్లాం. ఈసారి ఆ పదిహేను నిమిషాలూ షంషుద్దీన్ కదలకుండా కూర్చున్నాడు. పొడి చల్లిన రెండు నిమిషాలకే చెవి మొదట్లో ఎరుపు ఊరడం మొదలైంది. చూస్తుండగానే అతుకు పొడవునా పాకింది.

ఓబుళరెడ్డి చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "సరేలేప్పా షంషూ, అయింది అయిపాయ. దాని మీదనే ఇంకోసారి వెల్డింగ్ వేసి నున్నగా రుద్దేయి. ఎవురికీ తెలీదు. నీ పేరూ నిలబడతాది, నా కాగితమూ నిలబడతాది."

షంషుద్దీన్ ఒక్కసారి నా వైపు చూశాడు. సమ్మెట తీసుకుని చెవి మీద బలంగా కొట్టాడు. మూడో దెబ్బకి అది ఊడి కింద పడింది.

విరిగిన ముఖం చూశాం. ముప్పాతిక భాగం నల్లగా, తుప్పుపట్టి ఉంది. అది ఎన్నాళ్ళదో పాత పగులు. ఒక మూల మాత్రం ఇనుము తళతళమంటోంది. అంతవరకే పట్టుకుని ఉంది. యేసుబాబు వంగి ఆ మెరిసే చోట తన బొటనవేలు పెట్టి చూశాడు. వేలి కింద ఆ మెరుపంతా మూసుకుపోయింది.

"నాది తప్పు యేసూ. నన్ను తిట్టు, కొట్టు" అన్నాడు షంషుద్దీన్.

యేసుబాబు తిట్టలేదు. ఆ ముక్క వైపే చూస్తూ అన్నాడు: "మొన్న నా బిడ్డ సద్ది తెచ్చిండె మామా. యాడా నీడ లేకపాయ. బండ లేపి నిలబెట్టుకోని దాని కిందే కూసోని తిన్యాం, ఇద్దరమూ."

"దాని కింద ఎట్ల కూసుంటిరప్పా? భయం లేకనా?"

"ముందు శానా భయముండె. ఎప్పుడూ కూసునేవోల్లం కాదు. నీ కాగితం గోడకు తగిలించినంకనే మామా, కూసున్యాం."