రూతు రాయి

స్టిల్స్ మాస్టారు పోయారన్న ఫోన్ వచ్చేసరికి నేను ఒక స్టూడియోలో, లేని మెడికల్ షాపుకు బోర్డు రాస్తున్నాను. ఫోన్ చేసింది మా అమ్మ. "సార్ లేస్తలేడు బిడ్డా. చాయ్ ఇద్దామని పోయిన. కుర్చీల కూసున్నట్టే ఉన్నడు," అంది. బోర్డులో ఇంకా రెండు అక్షరాలు మిగిలాయి. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, ఆ రెండూ పూర్తి చేసే బయల్దేరాను. గంటలో షాట్ ఉంది మరి. ఆ రోజు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా ఒక అలసట వచ్చింది. నెల దాటినా అది ఇంకా దిగలేదు.

మీకు ఆయన తెలిసి ఉండరు. కానీ థియేటర్ బయట అద్దాల పెట్టెల్లో ఫోటో కార్డులు చూసిన వయసు మీదైతే, ఆయన తీసిన బొమ్మలు చూసే ఉంటారు. షాట్ ఓకే అయ్యాక నటులను ఇంకో నిమిషం అలాగే నిలబెట్టి ఫోటో తీయడం ఆయన పని. తీశాక ప్రతిసారీ, ఎంత పెద్దవాళ్ళకైనా, జూనియర్ ఆర్టిస్టుకైనా, ఒకటే మాట: "అయిపోయిందండీ, థ్యాంక్స్." కోస్తా నుంచి మద్రాసు వెళ్ళి, పరిశ్రమతో పాటే ఇక్కడికి వచ్చారు. పెళ్ళి చేసుకోలేదు. ఫిలింనగర్ అనగానే మీ కళ్ళముందు మెదిలే ఇళ్ళకు వెనక, రాళ్ళ వాలులో ఉన్న మా బస్తీలో, మా పక్క గదిలో తొమ్మిదేళ్ళు ఉన్నారు.

సెల్‌ఫోన్లలో అందరూ ఫోటోలు తీసుకోవడం మొదలయ్యాక ఆయనకు పిలుపులు ఆగిపోయాయి. కెమెరా మాత్రం ఆయన చేతిలోంచి దిగలేదు. ఒక రెండో ఆదివారం, షూటింగులకు సెలవు రోజు, చర్చి నుంచి తిరిగొచ్చి మా గుమ్మంలో నిలబడ్డారు. మెడలో కెమెరా, చంకలో ఆయనంత పొడుగున్న థర్మకోల్ షీటు. "ఏమ్మా, నీ స్కూటీ మీద నన్నొకచోట దింపుతావా? బస్సువాళ్ళు దీన్ని ఎక్కనివ్వట్లేదు," అన్నారు. ఎక్కడికని అడిగాను. "సమాధుల దగ్గరికి" అన్నారు, కూరగాయలకి అన్నంత మామూలుగా.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర గాలి ఆ షీటును పట్టుకుని మమ్మల్నిద్దరినీ పక్క కారు మీదికి తోసింది. కారు డ్రైవర్ అద్దం దించి తిట్టబోయి, షీటు వెనక ఉన్న పెద్దమనిషి "సారీ అండీ" అనేసరికి నవ్వేశాడు. తొమ్మిదేళ్ళు అలాగే వెళ్ళాం. దింపి వద్దామని వెళ్ళినదాన్ని, అక్కడే ఉండిపోయాను. మా అమ్మకు ఇది బొత్తిగా నచ్చలేదు. "ఆడిపిల్ల గాడికి పోవుడేంది?" అనేది. తిరిగి వచ్చేసరికి గుమ్మం బయట బకెట్‌తో నీళ్ళు పెట్టి ఉంచేది. నా ఒక్కదానికే కాదు, ఆయనకు కూడా ఒక చెంబు. ఆయన కిమ్మనకుండా కాళ్ళు కడుక్కునేవారు.

మేం ఎక్కువగా వెళ్ళింది సికింద్రాబాద్ వైపు ఉన్న ఒక పాత సమాధుల తోటకు. తెల్లదొరల కాలం నాటి రాళ్ళు, తర్వాత తెలుగు కుటుంబాల రాళ్ళు, మధ్యలో సీతాఫలం చెట్లు. అక్కడ ఆయన పని తీరు సెట్లో ఉన్నట్టే ఉండేది. ముందు రాయిని ముట్టుకోకుండా ఒక ఫోటో. తర్వాత నీళ్ళు, నేనిచ్చిన అరిగిపోయిన పెయింటు బ్రష్షులు. సబ్బు వద్దు, యాసిడ్ అసలే వద్దు. ఆ తర్వాత నేను థర్మకోల్ పట్టుకుని, ఎండను పక్క నుంచి రాయి మీదికి మళ్ళించాలి. "ఎదురుగా వెలుగు కొడితే అక్షరం దాక్కుంటుందమ్మా. పక్క నుంచి నెమ్మదిగా అడగాలి," అనేవారు. షీటు కాస్త వాల్చగానే, అప్పటిదాకా బోడిగా ఉన్న రాతి మీద పేరు లేచి వచ్చేది. ఆయన ఆ పేరును ఒకసారి పైకి చదివేవారు. క్లిక్. "అయిపోయిందండీ, థ్యాంక్స్."

చేతులు లాగేవి. నెలంతా పరంజాల మీద నిలబడి బోర్డులు రాసి, ఉన్న ఒక్క సెలవు రోజున కూడా ఎండలో నిలబడి ఎందుకు చేస్తున్నానో నాకే తెలిసేది కాదు. "ఎందుకు సార్ గింత కష్టం? ఎవరు చూస్తరు?" అని అడిగాను ఒకసారి. "నేను తీసిన నెగెటివులన్నీ కంపెనీలవాళ్ళు ఎప్పుడో పారేశారమ్మా. నువ్వు రాసిన బోర్డులు ప్యాకప్ మర్నాడే పగలగొడతారు. ఇక్కడ ఎవరో ఎప్పుడో రాసింది ఇంకా ఉంది. చూస్తే హాయిగా ఉంటుంది," అన్నారు. బ్రష్షు విదిలిస్తూ, "పైగా ఈ ఆర్టిస్టులు డేట్స్‌తో ఏడిపించరు," అన్నారు.

ఇక రూతు సంగతి చెప్పాలి. ఇది చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాయడం మొదలుపెట్టాను.

మూడోసారో నాలుగోసారో వెళ్ళినప్పుడు, తూర్పు గోడ పక్కన ఒక చిన్న రాయి దగ్గరికి తీసుకెళ్ళారు. "ఈ పాపకి ఎవ్వరూ లేరమ్మా," అన్నారు. రాయి మీద ఇలా ఉంది: "రూతు, ఏడేళ్ళు, ప్రభువునందు నిద్రించినది." వందేళ్ళు దాటిన సంవత్సరం ఒకటి కింద ఉంది. చర్చివారి సమాధుల రిజిస్టర్ మొత్తం తిరగేయించారట, ఆ పేరే లేదట. అందుకని ఏటా సమాధుల పండగకు ఆయనే ఒక కొవ్వొత్తి వెలిగించి, బంతిపూలు పెడుతున్నారట. ఆ తోటకు కాపలా ఉండే కావలి తాత అక్కడ నందివర్ధనం మొక్క నాటి నీళ్ళు పోస్తున్నాడట.

ఆ రాయి నేను రాసిందే.

ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో అది నా మొదటి సినిమా. ఆ తోటలోనే వాన సీను తీశాం. థర్మకోల్ దిమ్మ మీద అక్షరాలు చెక్కి, పైన సన్నటి తీగ జాలీ బిగించి, పల్చగా సిమెంటు పూసి, టీ డికాషన్‌తో పాతరాయిలా చేశాం. ఏం పేరు రాయాలంటే డైరెక్టరు గారు "ఏదో ఒకటి రాయమ్మా" అన్నారు. నాకు తెలిసిన క్రైస్తవుల పేర్లలో చిన్నది రాశాను. ప్యాకప్ హడావిడిలో లారీవాళ్ళు దాన్ని మరిచిపోయారు. పొరపాటు పడటానికి వీల్లేదు. అక్షరానికి కొమ్ము ఇచ్చేటప్పుడు దాని చివర చిన్న వంపు తిప్పడం నా చేతి అలవాటు, ఇప్పటికీ పోలేదు. ఆ పేరులో రెండు కొమ్ములూ అలాగే తిరిగి ఉన్నాయి.

అక్కడే చెప్పేయాల్సింది. చెప్పలేదు. షూటింగువాళ్ళు సమాధుల మధ్య చెత్త వదిలిపోతారని ఆయన అంతకు ముందే తిట్టి ఉన్నారు, అదొక భయం. వచ్చేవారం చాయ్ తాగేటప్పుడు చెబుదామనుకున్నాను. ఆ వచ్చేవారం తొమ్మిదేళ్ళు సాగింది. నిజం చెప్పాలంటే భయం ఒక్కటే కాదు. నేను రాసినవాటిలో పగలకుండా మిగిలింది అదొక్కటే. దాన్ని ఒక మనిషి బ్రష్‌తో కడుగుతూ, పువ్వులు పెడుతూ, పేరు పెట్టి పిలుస్తుంటే నాకు బాగుండేది. ఇంత పాడు బుద్ధి అని మీరు అనుకుంటే అనుకోండి.

ఆ మరుసటేడు ఆయన గది తలుపుకు సరదాగా "ఫోటో స్టూడియో" అని బోర్డు రాసిచ్చాను. ఆయన దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. "కొమ్ము బాగుందమ్మా," అని లోపలికి వెళ్ళిపోయారు.

పోయిన ఏడాది నుంచి మోకాళ్ళు సహకరించలేదు. రాయి ముందు కూర్చుంటే లేవడానికి నా భుజం కావాల్సి వచ్చేది. ఒక సాయంత్రం అలా లేస్తూ, "నన్ను దూరం తీసుకెళ్ళనివ్వకమ్మా. ఇక్కడైతే అందరూ తెలిసినవాళ్ళే," అన్నారు. "ఏం మాటలు సార్ అవి" అని కసిరాను. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆయన పోయిన రోజు మధ్యాహ్నం ఆ మాటే మెడకు చుట్టుకుంది. ఆయన అక్క కొడుకు రాత్రంతా ప్రయాణం చెయ్యలేక రైలు వదిలి విమానంలో వచ్చాడు. పాస్టరు గారు తల దించుకుని చెప్పారు: ఆ తోట ఎప్పుడో నిండిపోయింది, సొంత కుటుంబపు సమాధి ఉంటే దాన్నే తెరుస్తారు, లేనివాళ్ళు ఔటర్ రింగ్ రోడ్డు అవతల కొత్త స్థలానికి వెళ్ళాల్సిందే. అక్క కొడుకు "పోనీలెండి, మా ఊరే తీసుకెళ్ళిపోతాను. ఇక్కడ ఆయనకి ఎవరున్నారు?" అన్నాడు. తప్పేం లేదు, అతనికి ఎలా తెలుస్తుంది? అంబులెన్సుకు ఫోన్ చేస్తున్నాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. తొమ్మిదేళ్ళ అబద్ధం, ఆయన అడిగిన ఒకే ఒక్క కోరిక, రెండూ ఒకేచోట ఉన్నాయి. ఒకటి తవ్వితే గానీ రెండోది దొరకదు.

"అయ్యగారూ, జాగ ఉంది," అన్నాను. "తూర్పు గోడ కాడ. రూతు రాయి కింద ఎవ్వరు లేరు."

పాస్టరు గారికి అర్థం కాలేదు. "రిజిస్టర్లో పేరు లేనంత మాత్రాన మనిషి లేదనుకోకూడదమ్మా," అన్నారు.

"మనిషి లేదు అయ్యగారు. అది సినిమా రాయి. నేనే రాసిన. ఆ పేరు గూడ నేనే పెట్టిన."

గదిలో అందరూ నన్నే చూశారు. కావలి తాత కూడా వచ్చి ఉన్నాడు, మాస్టారిని చూడటానికి. తాత మొహం ఎర్రబడింది. "గిన్నేండ్ల సంది ఆ పిల్లకు నీళ్ళు పోస్తున్న నేను! మా మనవరాలి లెక్క చూసుకున్న! గా ముసలాయన లోకం అంతా ఆరా తీస్తుంటే పక్కన నిలబడి సూసినవా? జర నోరు తెర్వనీకి ఏమైంది నీకు?" మా అమ్మ నా చేయి పట్టుకుంది, అంతే. పాస్టరు గారు చర్చి కమిటీవాళ్ళతో చాలాసేపు మాట్లాడారు. చివరికి, తవ్వి చూద్దాం, ఎవరైనా ఉంటే ఉన్నట్టే పూడ్చేద్దాం అన్నారు.

మర్నాడు పొద్దున్నే రాయి తీయడానికి ముగ్గురు మనుషులు వచ్చారు. కావలి తాత నాతో మాట్లాడకుండానే వాళ్ళను హెచ్చరించాడు, "భద్రం, కాళ్ళ మీద పడ్తది." ముందున్నతను ఊపిరి బిగబట్టి, నడుం వంచి, రెండు చేతులా పట్టి ఎత్తాడు. ఎత్తి, రాయితో సహా వెనక్కి పడ్డాడు. అది పెరుగు కుండంత బరువు కూడా లేదు. వాళ్ళు ముగ్గురూ నవ్వారు. అక్క కొడుకూ నవ్వాడు, ఏడుస్తూనే. నేను నవ్వలేకపోయాను.

ఎందుకంటే అప్పుడే గుర్తొచ్చింది. ఏటా వానాకాలం పోయాక ఆ తోటలో రాళ్ళు ఒరిగిపోయేవి. మిగతా రాళ్ళకు మాస్టారు కావలి తాతను పిలిచేవారు, గడ్డపార తెప్పించేవారు, నన్నూ ఒక చెయ్యి వెయ్యమనేవారు. రూతు రాయి దగ్గర మాత్రం ఎవ్వరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. "నువ్వుండమ్మా, నేను చూస్తాను," అని నన్ను నీళ్ళకు పంపేవారు. కావలి తాత వస్తే "ఎందుకు లేవయ్యా" అని వెనక్కి తిప్పేసేవారు. నేను నీళ్ళు తెచ్చేసరికి రాయి నిటారుగా ఉండేది. మోకాళ్ళు వంగని మనిషి ఒక్కడే దాన్ని ఎలా నిలబెట్టాడని నేను ఏనాడూ అనుకోలేదు. నలభై ఏళ్ళు సెట్లలో బతికినాయన. చంకలో థర్మకోల్ పెట్టుకుని తిరిగినాయన. దాని బరువు ఆయనకు తెలియదా? తలుపు మీది కొమ్ము చూసినాయనకు, ఇక్కడి కొమ్ములు ఎవరివో తెలియవా?

ఆయనకు తెలుసు. ఎన్నేళ్ళుగా తెలుసో నేనిప్పుడు ఎవరిని అడగను? తెలిసీ కొవ్వొత్తి వెలిగించారు. తెలిసీ, ఇంకెవరికీ తెలియకుండా కాపలా కాశారు. ఆ ఏడుపు, ఫోన్ వచ్చిన రోజు రానిది, అప్పుడు వచ్చింది. మొరం మట్టి కుప్ప పక్కన కూర్చుని ఏడ్చాను. కావలి తాత తన తువ్వాలు నా ఒళ్ళో పడేసి వెళ్ళాడు.

లోపల మొరం తప్ప ఏమీ లేదు. మాస్టారిని అక్కడే పెట్టారు. నల్లరంగు వేసిన చెక్క సిలువ మీద ఆయన పేరు నేనే తెల్లగా రాశాను. ఆ పేరు రాయడం నాకదే మొదటిసారి. అందులో కొమ్ము ఎక్కడా లేదు.

పోయిన రెండో ఆదివారం ఒక్కదాన్నే వెళ్ళాను. ఆయన కెమెరా అక్క కొడుకు నాకే ఇచ్చాడు. షీటు పట్టుకునే మనిషి లేక, దాన్ని సీతాఫలం చెట్టుకు ఆనించి, ఎండ పక్క నుంచి పడేదాకా అటూ ఇటూ జరుపుతున్నాను. కావలి తాత ఎక్కడి నుంచో వచ్చి షీటు అందుకున్నాడు. పేరు పైకి చదివాను. ఫోటో తీశాను. "అయిపోయింది సార్, థ్యాంక్స్," అన్నాను.

రూతు రాయి పారేస్తారనుకున్నాను. దాన్ని ఆయన కాళ్ళ దగ్గర నిలబెట్టి ఉంచింది తాతే. గాలికి పడిపోకుండా రెండు వైపులా రెండు ఇటుకలు పెట్టాడు. పక్కకు జరిపి నాటిన నందివర్ధనం మొదట్లో మట్టి ఇంకా తడిగా ఉంది.