పోస్టుమాష్టరు గారి సగం కాగితాలు

కార్తీక బహుళ పంచమి, బుధవారం. తెల్లవారుజాము నుంచి ముసురు. లాకు తలుపుల గొలుసులకు ఆముదం పట్టించి తుడిపించాను. మొదటి పడవ, కొబ్బరికాయలు, ఏడు గంటలకు

ఆ రోజు నా పద్దులో ఇంతే ఉంది. ఆ వాక్యం పూర్తి కాకముందే ఆ పడవ సరంగు తలపాగా తీసి చేత్తో పట్టుకుని నా గది గుమ్మం దగ్గరికి వచ్చాడు. "పోస్టుమాష్టరు గారు పోయేరండి, ఆయ్. తెల్లారగట్టంట," అన్నాడు. కలం పక్కన పెట్టేశాను.

మా ఊరి పోస్టాఫీసు అంటే ఆయన ఇంటి అరుగే. పొద్దున్న రెండు గంటలు అక్కడ పోస్టుమాష్టరు, ఆ తరువాత మిషను బడిలో మేష్టారు. ఈ పత్రిక చదివేవారిలో ఆయనను ఎరిగినవారు బహుశా ఉండరు. ఈమధ్య ఇందులో అప్పుడప్పుడు పడిన నా నాలుగు చిన్న ముక్కలు చదివి, బాగుందని కార్డు రాసినవారు మాత్రం కొందరున్నారు. ఆ మంచిమాట అసలు ఎవరికి చెందాలో వారికి చెప్పడం కోసం ఇది రాస్తున్నాను.

నేను అయిదో తరగతితో బడి మానినవాణ్ణి. కాలవ నీళ్ళను తలుపులతో ఆపి పడవలను దాటించే లాకు దగ్గర పడవల పద్దు రాయడం నా ఉద్యోగం. ఏ పడవ, ఏం సరుకు, ఎన్ని గంటలకు ఎటు దాటింది, అంతే. మధ్యాహ్నం పడవలు పలచబడ్డాక ఆ గదిలోనే కూచుని కథలు రాయడం అలవాటైంది. ఇంట్లో కూడా చెప్పలేదు. రాసిన కథను మద్రాసులోని ఒక వారపత్రికకు పంపేవాణ్ణి. కవరు తూచి తపాలా బిళ్ళలు అంటించేవారు గనుక ఆ సంగతి పోస్టుమాష్టరు గారికి ఒక్కరికే తెలుసు.

మొదటి కథ తిరిగి వచ్చినప్పుడు మాత్రం ఊరందరికీ తెలిసింది. పోస్టు జవాను దాన్ని తిన్నగా లాకు దగ్గరికి తెచ్చి, ఆగి ఉన్న పడవలవాళ్ళందరి ముందూ నా పేరు పిలిచి ఇచ్చాడు. "గుమస్తా గారి సరుకు మద్రాసులో దిగలేదంటరా. తిరుగు పడవకి వేసేసేరు," అన్నాడు ఒక సరంగు. "తడిసిందేమో చూసుకోండి బాబూ, ఎండలో పెడుదురుగాని," అన్నాడు ఇంకొకడు. వాళ్ళకు నా మీద కోపమేమీ లేదు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను. ఆ పూట అన్నం క్యారియరు మూత తీయకుండానే ఇంటికి తీసుకెళ్ళాను.

ఎవరు చెప్పారో తెలియదు, మర్నాటి నుంచి నా పేరున వచ్చేవేవీ జవాను చేతికి రాలేదు. లాకు ఉత్తరాలు పట్టుకుని నేను పోస్టాఫీసుకు వెళ్ళినప్పుడు, పోస్టుమాష్టరు గారు ముందు కాలవలో నీళ్ళెంత ఉన్నాయో అడిగేవారు. తరవాత రిజిస్టరు కింద నుంచి కట్ట తీసేవారు. "మద్రాసు వెళ్ళినవాడు వచ్చేడండి. ప్రయాణంలో కాస్త నలిగేడు గాని, కులాసాగానే ఉన్నాడు," అనేవారు. 'తిరిగొచ్చింది' అన్న మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు.

అయిదోది కూడా అలాగే వచ్చాక రాయడం మానేశాను. యుద్ధం రోజులు. రెండు నెలలు నా దగ్గర నుంచి కవరు వెళ్ళకపోయేసరికి ఒక పొద్దున్న ఆయనే అడిగారు. కాగితం దొరకడం లేదండీ అన్నాను. అది సగమే నిజం. ఆయన మిగిలిన సగం అడగలేదు. లోపలికి వెళ్ళి ఒక దస్తా కాగితాలు తెచ్చారు. అవి బడిలో పరీక్ష కాగితాలు. పిల్లలు జవాబు తెలియక ఖాళీగా వదిలేసిన కింది సగాలను చింపి, అంచులు సరిచేసి దాచుకున్నారు.

రోజూ పొద్దున్నే ఆయన తేదీ ముద్రలోని అచ్చులను కిరసనాయిలు గుడ్డతో తుడిచి, కొత్త తేదీకి మార్చేవారు. సరిగ్గా పడిందో లేదో చూడడానికి ఒకసారి చిత్తుకాగితం మీద గుద్దేవారు. ఆ రోజు నా కాగితం మీద గుద్దారు.

"మొదటి గుద్దు ఎలాగూ చిత్తు మీదే వెయ్యాలండి. ఆ చిత్తేదో మీదే అవనివ్వండి."

"ఏం రాయమంటారండీ?"

"అది నాకేం తెలుసండి. ఈ తేదీ మీద రేపు రాయడానికి మాత్రం కుదరదు."

అలా మొదలైంది. రోజుకు సగం కాగితం, పైన మూలకు నల్లగా గుండ్రటి తేదీ. ఆదివారం పోస్టాఫీసు ఉండదు గనుక కాగితమూ లేదు. మొదటి శనివారం, రేపటి మాటేమిటని అడిగితే, "లోకాన్ని చేసినాయనే ఏడో రోజు పని ఆపేడండి. మీకేం తొందర?" అన్నారు. ఆ సగం కాగితాల మీదే, పడవ మీద పుట్టి పడవ మీదే పెరిగిన ఒక సరంగు కుటుంబం కథ పెద్దది మొదలుపెట్టాను.

వారం చివర ఆ కాగితాలు తీసుకెళ్ళి ఆయనకు చూపించేవాణ్ణి. ఆయన చదివేవారు కాదు. తేదీలు వరసగా ఉన్నాయో లేదో తిరగేసి చూసి ఇచ్చేసేవారు. ఊళ్ళో చదువురానివాళ్ళ ఉత్తరాలు రోజూ పైకి చదివి వినిపించే మనిషి. ఒకరి రాత వాళ్ళు చదవమంటేనే చదవాలన్నది ఆయన పద్ధతి.

మధ్యమధ్య చిన్న కథలు కూడా రాసి పంపుతున్నాను; మూడో నెలలో మద్రాసు నుంచి వాటిలో ఒకటి తిరిగి వచ్చింది. సోమవారం నుంచి గురువారం దాకా ఒక్క అక్షరం పడలేదు. నాలుగు తేదీలు ఖాళీగా ఉన్నాయి. ఆయనకు మొహం చూపించలేక శుక్రవారం మధ్యాహ్నం ఆ నాలుగూ ఒక్క బిగిన నింపేశాను. శనివారం ఆయన అలవాటుగా తిరగేస్తూ ఆగారు. కళ్ళజోడు పెట్టుకున్నారు.

"సోమవారం నుంచి గురువారం దాకా పడుకోలేదాండి?"

నాకు అర్థం కాలేదు.

"మీ రాత రోజూ పైన బిగువుగా మొదలై, కిందికొచ్చేసరికి వదులవుతుందండి. ఈ నాలుగూ కలిపి ఒక్కసారే వదులయ్యేయి."

అన్ని ఊళ్ళ చేతిరాతలూ చూసే మనిషి దగ్గర ఆ పని చేశాను! తల వంచుకుని ఒప్పుకున్నాను. ఆయన కోప్పడలేదు.

"రాని పడవని వచ్చినట్టు మీ పద్దులో రాస్తారాండి?"

"రాయనండి."

"మరి? ఖాళీ రోజుని ఖాళీగానే ఉండనివ్వండి. అదీ మీదే. దాన్నీ కట్టలోనే పెట్టుకోండి."

ఇంటికి వచ్చి ఆ నాలుగు కాగితాల మీదా అడ్డంగా గీత గీశాను. ఆ కథ కట్టలో తేదీ తప్ప ఇంకేమీ లేని కాగితాలు ముప్పై పైనే ఉన్నాయి. వాటిని తీసేయలేదు. ఒక రోజు తప్పితే అంతా పోయిందనుకునే భయం ఆ మాటతో పోయింది. తప్పిన మర్నాడు ఏమీ జరగనట్టు కూచోవడం నాకు అప్పుడు వచ్చింది. రాయడం గురించి నాకు తెలిసినదంతా కలిపితే ఇంతకంటే పెద్దగా ఉండదు.

ఇక చెప్పక తప్పని సంగతి ఒకటుంది. కథ ఆఖరి ప్రకరణానికి వచ్చింది. ముసలి సరంగు పడవ దిగిపోవాలి, దిగడు. అతణ్ణి ఎలా దింపాలో తెలియక కొట్టుకుంటున్నాను. ఆ రోజుల్లో పోస్టుమాష్టరు గారు, ఎన్నడూ లేనిది, "ఎంతవరకొచ్చిందండి?" అని రోజూ అడగడం మొదలుపెట్టారు. ఒక శనివారం, "అయిపోయిందండి, దిగేడు," అన్నాను. ఆయన బాగుందనైనా అనలేదు. లోపలికి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చి, రిజిస్టరు కింద నుంచి కట్ట తీశారు. నా చిన్న కథల్లో నాకు బాగా నచ్చినది, నేను ఎక్కువ ఆశ పెట్టుకున్నది. "వచ్చేడండి," అన్నారు. నలిగాడో, కులాసాగా ఉన్నాడో చెప్పలేదు.

దారిలో కవరు తిరగేసి చూస్తే వెనక, ఉత్తరం చేరిన రోజున వేసే మా ఊరి ముద్ర ఉంది. పదకొండు రోజుల కిందటి తేదీ. వెనక్కి వెళ్ళాను. నన్ను చూడగానే ఆయన లేచి నిలబడ్డారు.

"ముద్ర వెయ్యకుండా ఉంచితే నాకు తెలిసేది కాదు కదండీ," అన్నాను.

"వచ్చిన రోజు వచ్చినట్టే పడాలి కదండి. తప్పు నేను చేసేను, ముద్రెందుకు చెయ్యాలి? పైవాళ్ళకి రాస్తానంటే రాయండి. కాదనను."

లోపల నుంచి ఆయన ఇల్లాలు అన్నారు: "ఆ కట్ట వచ్చిన కాడి నుంచీ అన్నం సయించడం లేదు బాబూ ఈయనకి. ఇచ్చేసి రండి మహానుభావా అంటే, 'ఆఖరి ప్రకరణంలో ఉన్నారే' అంటారు."

చేతికి వచ్చిన ఉత్తరం ఒక్క పూటైనా ఆపని మనిషి. రంగూన్లో కొడుకు పోయాడన్న ఉత్తరాన్ని కూడా, తల్లి ఎదురుగా నిలబడి ఉండగా, ఒక మాట తగ్గించకుండా చదివిన మనిషి. నా కోసం పదకొండు రోజులు ఆ తప్పు మోశారు. ఆ కట్ట ముందే నా చేతికి వచ్చి ఉంటే నా సరంగు ఇప్పటికీ పడవలోనే ఉండేవాడు. "రేపటి కాగితం ఇవ్వండి," అన్నాను.

"రేపు ఆదివారమండి," అన్నారు.

ఆ పెద్ద కథ మూడు చోట్లకు వెళ్ళి మూడుసార్లు తిరిగి వచ్చింది. "చొక్కా మాసిపోయిందండి, కొత్తది తొడిగి పంపండి," అనేవారు. రెండుసార్లు మొత్తం శుభ్రంగా తిరగరాశాను. వినాయక చవితి ముందు నాలుగోసారి పంపాము. పంపాము అనే అంటాను, దారం ముడి వేసింది ఆయన. జవాబు ఇంకా రాలేదు.

ఆ బుధవారం నేను వెళ్ళేసరికి ఇంట్లో ప్రార్థన జరుగుతోంది. అరుగు చివర టపా రన్నరు కూచుని ఉన్నాడు. సంగతి తెలియక రోజులాగే అమలాపురం నుంచి సంచీ మోసుకొచ్చాడు. సీలు వేసిన సంచీని పోస్టుమాష్టరు తప్ప ఎవరూ విప్పకూడదు. ఇంకొకరు వచ్చేదాకా దాన్ని కింద పెట్టడానికి అతనికి మనసొప్పలేదు. ఒళ్ళో పెట్టుకుని, తను తడుస్తూ గోనెపట్టా సంచీ మీద కప్పాడు. నేను పక్కన కూచున్నాను.

"మీదేమన్నా ఉందేమోనండి ఇందులో," అన్నాడు.

"ఉండొచ్చు," అన్నాను. ఉందో లేదో తెలుసుకోవాలని అనిపించకపోవడం అదే మొదటిసారి.

లోపల పాట మొదలైంది. జేబులో తేదీ ముద్ర లేని ఒక తెల్లకాగితం, పెన్సిలు ముక్క ఉన్నాయి. ఆ రోజు రాత రాయడానికి కాగితం మోకాలి మీద పెట్టుకున్నాను. మొదటి వరస రాసేసరికి చూరు నుంచి ఒక చుక్క పడి రెండు మాటలు అలుక్కుపోయాయి. పైనుంచి మళ్ళీ రాశాను. రన్నరు నాకేసి చూసి, గోనెపట్టా అంచు కాస్త ఇటు లాగి నా కాగితం మీదికి కూడా కప్పాడు.