ఎడమవెనక భుజం

టెక్కలి ఆసుపత్రిలో కుట్లు విప్పిన రోజు డాక్టరు బైరాగితో మాట్లాడలేదు. అతని భార్య బొడ్డమ్మతో మాట్లాడాడు.

"ఈ హెర్నియాకు ఆపరేషన్ ఇది రెండోసారి. పోయినసారి వేసిన కుట్టు తెంచుకుని వచ్చాడు. ఈసారి లోపల వల లాంటిది పెట్టి కుట్టాను. అది కండలో కలిసిపోవాలి. మూడు నెలలు బిందెడు నీళ్ళు కూడా ఎత్తకూడదు. మళ్ళీ తెగితే నా చేతిలో లేదు. విశాఖపట్నం తీసుకుపోవాలి. అక్కడ కూడా ఏమంటారో చెప్పలేను."

బొడ్డమ్మ తల ఊపింది. బైరాగి మాత్రం వల అన్న మాట దగ్గరే ఆగిపోయాడు.

"కడుపులో కూడా వలేసీసినారా బాబూ? పెద్ద కన్నుదా, సిన్న కన్నుదా?"

డాక్టరు నవ్వాడు. బొడ్డమ్మ నవ్వలేదు. పోయినసారి కుట్టు ఎలా తెగిందో ఆమెకు తెలుసు.

వజ్రపుకొత్తూరు అవతల, ఇసుకదిబ్బను ఆనుకుని ఉన్న వాళ్ళ పల్లెలో, నావ ఒడ్డుకు రాగానే ఒక కేక వేస్తారు. ఆ కేకకు మాటలు లేవు. అది చెవిన పడ్డ మగవాడు ఏ పనిలో ఉన్నా లేచి వెళ్ళాలి. నావ ఎవరిదన్న పట్టింపు లేదు. తింటున్నవాడు ఎంగిలిచేత్తోనే పరుగెత్తుతాడు. ఒకరితో ఒకరికి మాటలు లేనివాళ్ళు కూడా పక్కపక్కనే నిలబడతారు. నావకు అడ్డంగా కట్టిన కర్రల కింద భుజం పెట్టి, ఊపు మీద ఎత్తి, కెరటం అందని చోటికి చేరుస్తారు. ఆ కర్రల కింద ఎవరి చోటు వాళ్ళకుంది. బైరాగిది ఎడమవైపు, వెనక. బరువు ఎక్కువ పడే ఆ చోటుకు పొడుగుమనిషి కావాలి. తండ్రి పోయాక అతనికి వచ్చింది.

మొదటి ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన కొద్దిరోజులకే, మంచం మీద పడుకున్నవాడు కేక విని లేచి వెళ్ళిపోయాడు. తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరు మనుషులు మోసుకొచ్చారు.

"తెలిసి ఎల్నేదే. కాళ్ళెల్లిపోనాయి" అన్నాడు.

ఆమె నమ్మింది. అందుకే భయపడింది. మాట వినని మొగుడికి నచ్చజెప్పవచ్చు. మాట వినని కాళ్ళకు ఏం చెప్పాలి?

ఆసుపత్రి మెట్లు దిగుతూ ఒక మాట అడిగి చూసింది.

"మా నౌపడ ఎల్లిపోదుం మావా, మూడు నెల్లు. మా అన్న కాదనడు."

"ఉప్పుమళ్ళ మజ్జిన నానేటి సేత్తాను? ఊరగాయ నాగ ఊరాలా?"

ఆ మాట అక్కడితో పోయింది. ఆటోలో వస్తూ, గుంత వచ్చినప్పుడల్లా అతని పొత్తికడుపుకు తలగడ అదిమి పట్టుకుంటూ, బొడ్డమ్మ ఇంకో ఆలోచన చేసింది. కాళ్ళు ఇంట్లో ఉండాలంటే ముందు చేతులకు పని దొరకాలి. అది బరువు లేని పని కావాలి. నచ్చే పని కావాలి. ఎవరికి నచ్చేది అని తనను తానే అడిగి, నాకు నచ్చేది అని జవాబు చెప్పుకుంది.

ఆమె పుట్టింది నౌపడ ఉప్పుమళ్ళ దగ్గర. నేల బూడిదరంగు, నీళ్ళు బూడిదరంగు, కుప్పలు తెలుపు. చిన్నప్పుడు ఆమె చూసిన రంగంటే రైలుపెట్టెలదే. పెళ్ళై ఈ ఒడ్డుకు వచ్చిన రోజు ఇసుకలో వరసగా ఉన్న నావలు చూసి నిలబడిపోయింది. నీలం మీద ఎర్రపట్టీ, దాని కింద పసుపు. ముక్కుకు రెండు పక్కలా కళ్ళు. వెనక్కి తిరిగి ఊరు చూస్తే ఇళ్ళన్నీ మట్టిరంగు. నావలకు ఇంత ముస్తాబు చేసేవాళ్ళు తాము మట్టిరంగులో ఎలా కాపురం ఉంటారో ఆమెకు బోధపడలేదు. తర్వాత కాలనీ ఇల్లు వచ్చింది. అదీ సిమెంటు రంగులోనే ఉండిపోయింది.

"ఇంటికి రంగులెందుకే? ఏటకెల్తాదేటి?" అనేవాడు బైరాగి.

ఆమె వాదించలేదు. ఏటా నావలకు రంగులేసి పారేసిన డబ్బాలు ఏరుకొచ్చేది. అడుగున మిగిలినదాని మీద కాస్త కిరసనాయిలు పోసి, మూత బిగించి, అటక మీద పెట్టేది. ఒక్కగానొక్క కూతురు పెళ్ళై మూలపేట వెళ్ళేదాకా ఆ అటక మీద చెయ్యి పెట్టే తీరిక దొరకలేదు. ఇప్పుడు డబ్బాలు కిందికి దిగాయి.

గంప పట్టుకుని పలాస వైపు పోవడం మానేసింది. ఎండుచేపలు ఊళ్ళోనే అమ్ముకుని పొద్దెక్కేసరికి ఇంటికి చేరేది. అతన్ని ఒక పక్కకు తిప్పి, చెయ్యి ఊతమిచ్చి కూర్చోబెట్టేది. ఒళ్ళు తుడిచేది. గంజి పట్టేది. దగ్గొస్తే తలగడ అందించేది. ఆ తర్వాత కొంగు దోపుకుని గోడల మీద పడేది.

పైసగం గోడలకు గుల్లసున్నం, చిటికెడు నీలిమందు కలిపి. కింది సగానికి నావనీలం. అది ఒక గోడకే సరిపోయింది. రెండో గోడకు తెల్లరంగు డబ్బా అడుగు గోకి కలిపితే లేతనీలం వచ్చింది. అదే బాగుందనిపించింది. చిరిగిన వల ఒకటి ఉతికి, మడతపెట్టి, కిటికీకి తెరగా కట్టింది. అంచుకు గవ్వలు గుచ్చింది. ఎండ లోపలికి గళ్ళుగళ్ళుగా పడింది. బైరాగి కునుకు తీస్తున్నప్పుడు ఆమె చెయ్యి చాపి ఆ గళ్ళను అరచేతిలో పట్టుకుని చూసుకుంది.

నీలానికీ తెలుపుకీ మధ్య ఎర్రపట్టీ వేస్తుంటే మంచం మీద నుంచి మాట వినబడింది.

"గీత వంకర."

"ఎక్కడ?"

"అక్కడ నిలబడితే కనపడదు. ఇలగొచ్చి సూడు."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని అతని తల పక్కన తల పెట్టి చూసింది. వంకరే.

"కన్ను బాగానే ఉన్నాది, కడుపే బాగోనేదు" అంది.

"తాడొకటి తే. దానికి రంగు రాయి. ఆ సివర నువ్వట్టుకో, ఈ సివర నానట్టుకుంతాను. లాగి ఇడిసిపెడితే గీత పడిపోద్ది. నావకలాగే కొడతారు."

అలా అతను చేతికి చిక్కాడు. ఆ తర్వాత స్టూలు మీద కూర్చోబెట్టి, కూర్చున్న ఎత్తుకు అందే పనంతా అతనికి అప్పగించింది. కిటికీ చుట్టూ పూలు, తలుపు మీద చేప. చేప మీద పొలుసులు ఒక్కొక్కటిగా దిద్దుతూ అతను మాట్లాడడమే మరచిపోయేవాడు. పక్కింటి రత్నాలమ్మ గుమ్మంలోకి తొంగి చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"ఏటే, ఇద్దరూ మళ్ళీ పెళ్ళి సేసుకుంతన్నారేటి?"

"ఈ మొగుడే అయితే ఒద్దనుకున్నానప్పా. రంగులేసినాక బాగున్నాడు" అంది బొడ్డమ్మ.

కేక మాత్రం రోజూ వచ్చేది. వచ్చినప్పుడల్లా ఆమె అతని చేతిలో తడికుంచె పెట్టేది, లేదా తాడు చివర పట్టించేది. అతను ఉండేవాడు. కళ్ళు గోడ మీదే ఉండేవి. అయితే దిబ్బ అవతల నావ ఒక్కొక్క ఊపుకు కదులుతుంటే, ఇంట్లో అతని ఎడమ భుజం కొద్దిగా లేచి దిగేది. ఆమె చూసేది. చూడనట్టు ఉండేది.

ఒకరోజు పైడయ్య వచ్చాడు. నావల దగ్గర పెద్ద అతనే. కేక వేసేదీ అతనే. గోడలు చూసి, మంచిదేరా అన్నాడు. లేస్తూ మంచిమాటే చెప్పాడు.

"నువ్వు రావద్దురా బైరాగీ. ఎనకెడం కాడ నావ కొద్దిగా ఒరుగుతాది. అంతే. ఫరవానేదు."

ఆ పూట బైరాగి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. మర్నాడు కుంచె ముట్టలేదు.

"ఎవులైనా తిట్టినారా?" అంది బొడ్డమ్మ.

"తిడితే బాగున్ను. ఎవులూ ఏటీ అన్రు. నా సోటొగ్గీసి నావని నెగుత్తన్నారు. అక్కడెవులూ నిలబడ్రు, నాను వత్తానని."

"రావద్దనే గదా సెప్పినాడు."

"రావద్దన్నాడు. సోటు మాత్రం ఉంచినాడు. నీకు తెల్దులే."

ఆమెకు తెలిసింది. నిద్రలో కూడా అతన్ని లాగుతున్నది కేక కాదు, కర్ర కింద ఖాళీగా ఉన్న ఆ జానెడు చోటు.

రెండు రోజులకు అతను మళ్ళీ కుంచె పట్టాడు. గడపకు పసుపురంగు వేస్తానన్నాడు. ఆవేళ తూర్పుగాలి గట్టిగా ఉంది. ఊళ్ళో సగంమంది మగాళ్ళు పెళ్ళికి వెళ్ళారు. బొడ్డమ్మ పొయ్యి దగ్గర ఉండగా కేక వచ్చింది. ఊపిరి తీసుకునేలోపు రెండోసారి వచ్చింది. రెండోసారి వేశారంటే మనుషులు చాలలేదని.

ఆమె బయటి గదిలోకి వచ్చేసరికి బైరాగి నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో కుంచె. ఒక చెయ్యి పొత్తికడుపు మీద. ముఖంలో తను ఏం చేయబోతున్నాడో తెలిసినవాడి గుర్తు ఏదీ లేదు.

గుమ్మానికి అడ్డం నిలబడవచ్చు. అడ్డం నిలబడితే ఈవేళ ఆగుతాడు. రేపు ఆగడు.

"కూకో" అంది. "నానెల్తాను."

"నువ్వా? కర్ర కిందకా? మతి పోనాదేటి?"

"సోటు ఖాళీగున్నాదనే గదా నీ గోల. నిండిపోద్ది. కూకో."

చీర ఎత్తికట్టి, తడిగడప దాటి, దిబ్బ ఎక్కి అవతలికి దిగింది.

నావ కెరటానికి అడ్డం తిరిగి ఉంది. కర్రల కింద మనుషులు పలచగా ఉన్నారు. వెనక ఎడమవైపు చోటు అలాగే ఉంది. ఆమె నేరుగా వెళ్ళి అందులో నిలబడింది. కర్ర అందలేదు. కొంగు నాలుగు మడతలు పెట్టి భుజాన వేసుకుంది.

"ఒలే! ఎక్కడ దూరినావే?" పైడయ్య అరిచాడు. "సేపలగంప కాదది. తప్పుకో!"

"తరవాత తిట్టుదువు మావా. కెరటం వత్తన్నాది."

"ఆడది ముట్టుకుంటే సేపలు పడవు" అన్నారెవరో ముందునుంచి.

"ఇన్నాళ్ళూ ముట్టుకోనేదు గదా. రోజూ పడ్డాయేటి?"

ఎవరో నవ్వారు. పైడయ్య ఇంకేదో అనబోయాడు. కెరటం వచ్చి నావను పక్కకు తోసింది, ఇక అనడానికి వీల్లేకపోయింది. అతను ఊపు అందుకున్నాడు. అందరూ లేచారు. బరువు బొడ్డమ్మ భుజం మీదికి వచ్చింది. గంప బరువు పైనుంచి దిగుతుంది. ఇది అన్ని వైపులనుంచీ వచ్చింది. కాళ్ళు ఇసుకలోకి దిగిపోయాయి. తను వదిలేస్తే ఎవరి వీపు మీద పడుతుందో కనబడింది. ఆమె వదల్లేదు. రెండో ఊపుకు ఒక అడుగు. ఇంకో ఊపుకు ఇంకో అడుగు. నావ కొద్దిగా ఒరిగింది. పడలేదు.

నావ పైకి చేరాక, భుజం పెట్టినవాళ్ళకు అక్కడే తలా ఇన్ని చేపలు వేస్తారు. పైడయ్య ఆమె కొంగులో సగం దోసెడు వేసి పక్కవాడి దగ్గరకు కదిలాడు.

"ఇదేటి మావా? సగం బుజమే పెట్టినానా?"

ఈసారి అందరూ నవ్వారు. పైడయ్య మూతి బిగించి వెనక్కి వచ్చి, నిండు దోసెడు తీసి వేశాడు.

"బైరాగిగాడి పాలిది" అన్నాడు.

ఆమె కాదనలేదు. ఆ మాటే ఇంటికి మోసుకుపోవాలనుకుంది.

గడప మీద పసుపు ఎక్కడా చెదరలేదు. అవతల స్టూలు మీద బైరాగి కూర్చుని ఉన్నాడు. కుంచె ఎండిపోయింది.

"ఎనకాల వత్తావనుకున్నాను" అంది.

"గడప తడిగున్నాది గదా."

పొడుగుమనిషి. ఆ గడప అతనికి సగం అడుగు కూడా కాదు. ఆమె చేపలు చేటలో పోసింది. అతను వాటిని చూశాడు. ఎన్ని ఉన్నాయో కాదు, ఎవరివో చూస్తున్నట్టు.

"నీ పాలిది" అంది. "పైడయ్య మావే అన్నాడు."

చేటలోకి చూస్తూనే అడిగాడు.

"ఒరిగిందా?"

"కొద్దిగా."

అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు. నవ్వు దాచుకోవడానికని ఆమెకు అర్థమైంది, ఉండనిచ్చింది. చేపలు తోముదామని చెయ్యి ఎత్తితే భుజం పట్టేసింది. అతను చూశాడు. లేచి, నెమ్మదిగా, గోడ పట్టుకుని పొయ్యి దగ్గరకు వెళ్ళి, గరిటెలో కొబ్బరినూనె వెచ్చబెట్టి తెచ్చాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె కోసం అతను చేసిన మొదటి పని అది. కొంగు తప్పించి చూస్తే భుజం ఎర్రగా కమిలి ఉంది.

"కర్ర మెడ కాడ పెట్టినావు గావాల."

"ఎక్కడ దొరికితే అక్కడ పెట్టినాను."

"అక్కడ గాదు. ఇక్కడ, ఈ గుంటలో. ఊపిరి బిగబట్టకు. మోకాలొంచి ఉంచు. కెరటం ఎనక్కెల్లీటప్పుడు నెగవకు. వచ్చీటప్పుడు నెగు, సగం బరువు నీరే మోసుకుంతాది."

ఆమెను నిలబెట్టి, తెర కట్టగా మిగిలిన వెదురుబద్ద భుజాన పెట్టి చూపించాడు. ఆమె వంగింది. తప్పన్నాడు. మళ్ళీ వంగింది. రత్నాలమ్మ మళ్ళీ తొంగి చూసి ఇదేం ఆటే అంది. బొడ్డమ్మ మూడోసారి వంగింది.

మర్నాడు కేక వచ్చేసరికి బొడ్డమ్మ కొంగు బిగించుకుంటోంది. బైరాగి తలుపు మీది చేపకు తోక దిద్దుతున్నాడు.

"మోకాలు మరిసిపోకు" అన్నాడు, స్టూలు మీద నుంచి లేవకుండా.