ఖాజాబీ జీపుకు పోసిన నీళ్ళు

కనిగిరి ఎగువ పల్లెల్లో మిరప కోత మొదలైందంటే తెల్లారేసరికి ఖాజాబీ జీపు రోడ్డు మీద ఉండాల్సిందే. అరవై రెండేళ్ళ మనిషి. చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి స్టీరింగు ముందు కూర్చుంటే ఎదురొచ్చే లారీవాడైనా పక్కకు తప్పుకోవాలి. ఆ పెట్రోలు జీపు ఎప్పుడో మిలిటరీవాళ్ళు వేలం వేస్తే ఆమె భర్త హయాత్ పాడుకొచ్చింది. అతని కళ్ళకు పొర కమ్మి రోడ్డు ఆనకుండా పోయినప్పుడు "ఇంక అమ్మేద్దాం" అన్నాడు.

"నీ కళ్ళు పోతే దాని కళ్ళు పోయాయా?" అని తాళం లాక్కుంది ఖాజాబీ. పది రోజులు బీడు భూముల్లో కంపచెట్లకు గుద్దుకుంటూ నేర్చుకుంది. నవ్విన మగాళ్ళు నవ్వారు. ఆ మగాళ్ళ పెళ్ళాలే మర్నాటి నుంచి ఆ జీపెక్కి కోతకు వెళ్ళారు.

ఈ యేడు వానలు వెనకబడి కురిశాయి. సంక్రాంతి దాటినా వాగు మోకాటి లోతున పారుతోంది. అవతలి ఒడ్డున బాపయ్య మిరప చేను. ఆ నల్లరేగడి డొంకలో ఆటో దిగితే దిగబడిపోవడమే. అలాంటి చోటికి ఇన్నేళ్ళూ మాట రానీకుండా మనుషుల్ని చేర్చిన జీపు, సోమవారం పొద్దున సరిగ్గా వాగు మధ్యలో దగ్గి ఆగిపోయింది. తాళం తిప్పితే టక్కుమంది, అంతే.

కూలీల ముఠాను నడిపే సుబ్బరావమ్మ తిట్టుకుంటూ నీళ్ళలోకి దిగింది. "ఏందే ఖాజా, కోతకు తెచ్చావా, స్నానానికి తెచ్చావా?"

"నోరు మూసుకుని నెట్టవే. నీ బరువుకే ఆగింది!"

పన్నెండుమంది ఆడవాళ్ళు నెట్టి ఒడ్డెక్కించారు. అక్కడ బాపయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "చూడు ఖాజాబమ్మా, పండిన కాయ నీ జీపు కోసం ఆగదు. శుక్రవారం దాకా చూస్తా. అప్పటికీ ఇదే వరసైతే కోతలన్నిటికీ ట్రాక్టరు మాట్లాడుకుంటా. దీన్ని పాత ఇనపసామాన్లోడికి వేసుకో."

ఖాజాబీ ఆ సాయంత్రమే ఎడ్లను కట్టించి జీపును ఇంటికి లాగించుకుంది. 

మర్నాడు చచ్చిన బ్యాటరీని, ఇంజనుకు పెట్రోలూ గాలీ కలిపి అందించే పాత కార్బొరేటర్‌ను బస్సులో వేసుకుని కనిగిరి వెళ్ళింది. రెండేళ్ళలో చచ్చిన బ్యాటరీల్లో ఇది మూడోది. స్పేరు పార్టుల షాపు వీరబాబు ఆమెను చూడగానే తళతళలాడే కొత్త కార్బొరేటర్ ఒకటి బల్ల మీద పెట్టాడు.

"రెండు గొంతులది పెద్దమ్మా! ఇది బిగిస్తే నీ జీపు ఎగిరిపోద్ది."

"ఎగిరి ఎక్కడికి పోవాలిరా? నేను పోయేది మిరపచేనికి. రెండు గొంతులతో తాగితే పెట్రోలు నువ్వు పోస్తావా? పైగా నా ఇంజనుకు అది అతకదు, కింద అడ్డపలక వేసి బిగించాలి. ఆ సందులోంచి గాలి పీలుస్తుంది. పాతదానిలాగా ఒక గొంతుదే తియ్యి. డొంకలో ఆగితే స్క్రూడ్రైవరుతో విప్పి ఊదుకునేలా ఉండాలి."

వీరబాబు మూడు తీశాడు. ఒక్కోదాని గొంతులో మూత తిరిగే ఇరుసు పట్టుకుని ఊపింది. ఒకటి లొడలొడలాడింది, పక్కకు తోసేసింది. మిగిలిన రెంటినీ తలకిందులు చేసి పెట్రోలు వచ్చే గొట్టానికి నోరు పెట్టి ఊదింది. షాపులో ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు.

"ఏం పెద్దమ్మా, సన్నాయా?"

"సన్నాయి నీ పెళ్ళికి ఊదుతాలే. ఇదిగో, ఇందులోంచి గాలి పోతోంది. లోపలి సూది సరిగ్గా మూసుకోవడం లేదు. పెట్రోలూ ఇలాగే పోతుంది, ఏటవాలులో ఇంజను ముక్కుదాకా నిండి ఆగుతుంది. వాగులో నాకు జరిగింది అదే. ఇందులో ఊపిరి ఆగింది చూడు, ఇది ఇవ్వు."

కార్బొరేటర్ సంగతి తేలింది. బ్యాటరీ సంగతి తేల్చినవాడు పక్క కొట్లో బ్యాటరీలు బాగుచేసే పీరు. పైమూత కోసి లోపలి పలకలు బయటికి తీశాడు. తెల్లగా పొక్కులు కట్టి, చేత్తో ముట్టుకుంటే రాలిపోతున్నాయి.

"ఏం నీళ్ళు పోశావక్కా?"

"బోరునీళ్ళని అనుకున్నావా? ఆ నీళ్ళకు మా ఊళ్ళో పళ్ళు గారపడతాయి, మోకాళ్ళు వంగిపోతాయి. నా మనవళ్ళు తాగే క్యాను నీళ్ళే శుక్రవారం శుక్రవారం పోశా. మిషన్లో శుభ్రం చేసిన నీళ్ళు!"

"మనుషులు తాగడానికి చేసినవక్కా అవి. అందులో కొంచెం ఉప్పు ఉంటుంది. బ్యాటరీకి ఆ కొంచెమే విషం. ఉత్త ఆవిరి పట్టి చేసిన నీళ్ళే పోయాలి, అవి సీసాల్లో అమ్ముతారు."

ఖాజాబీకి ముఖం వేడెక్కింది. ఇంట్లో పిల్లలకు ముందు పోయకుండా జీపుకు పోసిన రోజులున్నాయి. ఇంత ప్రేమగా తన చేత్తోనే చంపింది.

"గట్టిగా చెప్పు పీరూ, వీరబాబు కూడా వింటాడు. తప్పు నాదే. ముగ్గురు షాపులవాళ్ళను దొంగలని తిట్టా. ఆ తిట్లు వెనక్కి తీసుకోనులే, వేరే వాటికి సరిపోతాయి."

వీరబాబు సందు దొరికిందని, "అయితే అసలు నీళ్ళే పోయక్కర్లేని బ్యాటరీ ఉంది పెద్దమ్మా" అన్నాడు.

"నాకు నీళ్ళు పోయడం తెలియలేదు, ఇప్పుడు తెలిసింది. మూతలున్నదే ఇవ్వు. లోపల ఏం జరుగుతోందో చూడనివ్వనిదాన్ని నమ్ముకుని నేను వాగులో దిగను."

ముందువరసలో ఉన్నదాని మీద తయారైన నెల చూసింది. చదువు రాకపోయినా అంకెలు వచ్చు. పది నెలలుగా అరలో పడుకున్న సరుకు. వెనక ఉన్న కొత్తదాన్ని బయటికి లాగించింది. పీరు ఇంకో మాట కూడా చెప్పాడు: గతుకుల్లో బ్యాటరీ కదిలితే పలకలు విరుగుతాయి. ఇంటికి రాగానే లారీ ట్యూబు ముక్క కోసి, రెండు మడతలు వేసి, కదలకుండా బిగించింది.

గురువారం కార్బొరేటర్ బిగించాక ఇంజను మోగింది. హయాత్ మంచం దిగి, జీపును తడుముకుంటూ వచ్చి, చెవి దగ్గర పెట్టి విన్నాడు. "ఉరుకుతోంది. స్క్రూ అర చుట్టు వెనక్కి తిప్పు." ఆమె తిప్పింది. "ఇంకొంచెం... ఆఁ, చాలు." మొగుడి మాట అంత మారుమాట లేకుండా వినడం చూసి పక్కింటివాళ్ళు పనులాపారు.

శుక్రవారం పొద్దున అవతలి ఒడ్డున బాపయ్య ఉన్నాడు. పక్కనే ట్రాక్టరు ఉంది. గడువు తీరకముందే పిలిపించుకున్నాడు! ఖాజాబీ చూసింది. జీపును వాగులోకి దింపి, సరిగ్గా నడిమధ్యకు తెచ్చి, తాళం తిప్పి ఇంజను ఆపేసింది.

ఆడవాళ్ళు గొల్లుమన్నారు. "నీకు మతి పోయిందే! ఇది మళ్ళీ పలక్కపోతే?" అంది సుబ్బరావమ్మ.

"పలక్కపోతే దిగి నడిచిపోదురు. నేను కూడా తాళం బాపయ్యకిచ్చి నడుస్తా."

నీళ్ళు చక్రాలకు కొట్టుకుంటున్నాయి. ఒడ్డున బాపయ్య రెండడుగులు ముందుకు వచ్చాడు. ఖాజాబీ అతని ముఖంలోకే చూస్తూ తాళం తిప్పింది. ఇంజను ఒక్క ఊపున అందుకుంది.

ఒడ్డెక్కి ట్రాక్టరుకు అడ్డంగా ఆపింది. "శుక్రవారం అన్నావు. వచ్చా. ఇదెందుకు నిలబడి ఉంది?"

బాపయ్య తల గోక్కున్నాడు. "ఏదో... మంచిదని పిలిచాలేమ్మా. పంపించేస్తా. మాపటికి నువ్వే రా."

"మాపటికే కాదు, ఆఖరి కోత దాకా నేనే. ముందు దాన్ని దారిలోంచి తియ్యమను, నా మనుషులకు పొద్దెక్కుతోంది."