రాధిక కళ్లు మూయనంది: రెండు కాలేజీలు చూసొచ్చిన రోజు

ఈ ప్రయాణం కోపంతో మొదలైంది. రాజోలిలో ఉండే మా అక్క కూతురు రాధిక నిరుడు హైదరాబాదులో డిగ్రీలో చేరింది. సెలవులు అయిపోయినా గదిలో మిగతా పిల్లలు ఊళ్ల నుంచి రాకపోతే, ఇది టైఫాయిడ్‌తో వారం రోజులు ఒంటరిగా పడి ఉంది. తరగతికి రాలేదని కాలేజీవాళ్లు బావ ఫోన్‌కు ఇంగ్లీషులో మెసేజ్ పంపి చేతులు దులుపుకున్నారు. ఆయన అది విత్తనాల కంపెనీ ప్రచారం అనుకున్నాడు. చివరికి ఆ మెసేజ్ చదివి నేనే పోయి పిల్లను తెచ్చుకున్నాను. అప్పటి నుంచి రాధిక సీడు పత్తి చేలో క్రాసింగ్ పనికి, అంటే పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దే కూలికి పోతోంది. "ఇంకొక్కసారి పంపుత. మల్ల ఇట్లయితే చేనే దిక్కు" అని బావ తేల్చేశాడు. అందుకే ఈసారి కాలేజీని మేమే కళ్లారా చూడాలనుకున్నాం.

గద్వాలలో పొద్దున ఏడింటి బస్సెక్కాం. మాది పల్లెవెలుగు కాబట్టి ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులుండవు. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, పెబ్బేరు మీదుగా వనపర్తి చేరేసరికి తొమ్మిది దాటింది. బస్టాండు పక్కన ఇడ్లీ తిని మొదటి కాలేజీకి నడిచాం. గేటు మీద 'సమగ్ర విద్య' అని నా ఎత్తు అక్షరాలు. సమన్వయకర్త సారు మర్యాదగానే మాట్లాడాడు. "మేం మతాల జోలికి పోమమ్మా. ఎవరి నమ్మకం వాళ్లది. శరీరం, మనసు, నైపుణ్యం, మూడూ చూసుకుంటాం" అన్నాడు. నాకు కావలసింది అదే. బడిలో పాఠాలు చెప్పే మనిషిని, చదువుకూ మొక్కుకూ ముడిపెట్టడం నాకు గిట్టదు. కానీ 'వికాస కేంద్రం' అని బోర్డున్న గది తలుపు తీసి చూపిస్తే యోగా చాపలకు ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పలేదు. యోగా పీరియడ్‌లో ఏం చేస్తారని అడిగితే, లెక్కల పరీక్షలు పెట్టుకుంటున్నామన్నాడు.

అప్పటిదాకా నోరు విప్పని రాధిక మెల్లగా అడిగింది. "సార్, నాకు జరమొస్తె ఎవరికి తెలుస్తది?"

"హాజరు పడకపోతే మీ నాన్న ఫోన్‌కు మెసేజ్ పోతుందమ్మా."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మెసేజ్ ఎంత పనిచేసిందో నిరుడే చూశామని చెప్పి లేచి వచ్చేశాను. మతం జోలికి పోకపోవడం మంచిదే, మనిషి జోలికి కూడా పోకపోతే దాన్ని సమగ్రమని ఎలా అంటారు?

బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూల్‌కు ఇంకో గంటన్నర బస్సు. అక్కడి నుంచి క్రైస్తవ కాలేజీకి ఆటో ఎనభై రూపాయలు. డ్రైవర్ దారిలో చెప్పాడు. "మా చెల్లె గాడనే చదివింది మేడం. మంచిగ చూస్కుంటరు. గని పొద్దుగాల ప్రార్థన మాత్రం తప్పదు, జర ఆలోచించుకోన్రి."

మేం పోయేసరికి భోజనాల వేళ. ఒక్కో బల్లకు పదిమంది పిల్లలు, వాళ్లతో ఒక టీచరు. మూడేళ్లూ అదే బల్ల, అందరూ వచ్చేదాకా ఎవరూ ముద్ద పెట్టరు. ఒక బల్ల దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. "లత ఏది?" అని టీచరు అడిగింది. కడుపునొప్పని పడుకుందని ఎవరో చెప్పారు. టీచరు పెరుగన్నం కలిపి, ఒక పిల్లను తోడు తీసుకుని తనే హాస్టల్ గదికి నడిచింది. బల్ల దగ్గరివాళ్లు తినకుండా కూర్చున్నారు. రాధిక చూపు ఆ కుర్చీ మీంచి కదల్లేదు.

తర్వాత ప్రిన్సిపాల్ మేడం తన గదిలో, "దేహం, మనసు, ఆత్మ కలిస్తేనే చదువు. దేవుడు లేని చదువు సగమే" అంది. నా కోపం మళ్లీ నెత్తికెక్కింది.

"మరి వేరే దేవుణ్ణి మొక్కే పిల్లలు, అసలు మొక్కని పిల్లలు సగం మనుషులా?"

"అట్ల అనలేదమ్మా. ప్రార్థనకు వచ్చి కూర్చుంటే చాలు."

"రానంటే?"

"రావాల్సిందే."

ఒక పిల్లకు జ్వరమొస్తే పలకరించడానికి కూడా షరతా? లేచి రాధిక చెయ్యి పట్టుకుని, "పోదాం పా" అన్నాను. రాధిక లేవలేదు.

"ఆగు చిన్నమ్మా" అని ప్రిన్సిపాల్ వైపు తిరిగింది. "కూసుంట మేడం. గని కండ్లు ముయ్య. ఎవరు రాలేదో చూస్కుంట."

 "ముయ్యకు" అంది ప్రిన్సిపాల్.

తిరుగు బస్సులో రాధిక నా భుజం మీద నిద్రపోయింది. నా కోపం మాత్రం గద్వాల దాకా దిగలేదు, ఇది రాస్తుంటే ఇప్పటికీ దిగలేదు. నమ్మకం జోలికి రానివాళ్లు ఒక బల్ల వేసి పిల్లలతో కలిసి తినడానికి ఏం అడ్డం? కలిసి తినేవాళ్లు ప్రార్థన వద్దన్న పిల్లను దాని మానాన ఉండనివ్వడానికి ఏం అడ్డం? ఈ రెండూ ఒకేచోట దొరకనందుకు పద్దెనిమిదేళ్ల పిల్ల బేరమాడుకోవలసి వచ్చింది. బాగానే ఆడింది, కానీ ఆ పని దానిది కాదు.

కాలేజీ చూడ్డానికి పోయేవాళ్లకు ఒక్క మాట. ప్రవేశాల రోజున పోకండి. మామూలు రోజున, మధ్యాహ్నం భోజనాల వేళకు పొండి. ఏదైనా కుర్చీ ఖాళీగా కనిపిస్తే, ఎవరైనా పేరు పెట్టి అడుగుతారేమో చూడండి. హైదరాబాదులో మా రాధిక కుర్చీ వారం ఖాళీగా ఉంది.