గ్లాండుల జెరూషా

జగ్గయ్యపేటలో ఎలక్ట్రీషియన్లకు కరువు లేదు. ఫ్యాను ఆగితే ఒకరిని పిలుస్తారు, మోటారు కాలితే ఇంకొకరిని. ఇనప డబ్బాలోకి కేబుల్ దూరే చోటు దగ్గర పేచీ వస్తే మాత్రం గ్లాండుల జెరూషాకు ఫోన్ చేస్తారు. మొదట వెక్కిరింతకు పెట్టిన పేరే. ఆమె కోపం తెచ్చుకోకుండా దాన్నే బోర్డు మీద రాయించుకునేసరికి వెక్కిరించినవాళ్ళకు పని లేకుండా పోయింది.

తండ్రి ఆశీర్వాదం తాపీ మేస్త్రి. టీచరు ట్రైనింగ్ చెయ్యమని ఆయన ఎంత మొత్తుకున్నా వినకుండా ఐటీఐలో చేరింది. తర్వాత సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి కుదిరింది. అక్కడి మగవాళ్ళు ప్యానెల్ ముందు నిలబడి స్విచ్చులు నొక్కే పని తాము ఉంచుకుని, దుమ్ములో పడుకుని గ్లాండులు బిగించే పని ఆమె నెత్తిన రుద్దారు.

గ్లాండు బ్రహ్మవిద్యేమీ కాదు. డబ్బా రంధ్రానికి బిగించే చిన్న సామాను, లోపల ఒక రబ్బరు రింగు. నట్టు తిప్పితే రింగు కేబుల్‌ను గట్టిగా పట్టుకుంటుంది. అప్పుడు ఎవరు లాగినా లోపలి కనెక్షన్ ఊడదు, రంధ్రం అంచు కేబుల్‌ను కొయ్యదు, దుమ్ము లోపలికి పోదు. అంత చిన్నదాన్ని ఎవరూ పట్టించుకోరు, అందుకే అందరూ అక్కడే తప్పు చేస్తారు. జెరూషా ఆ తప్పులు సరిదిద్దుతూనే పని నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది, ఫ్యాక్టరీ వదిలి సొంతంగా నిలబడింది.

నిలబడడమైతే నిలబడింది కానీ వచ్చేవన్నీ ఫ్యాన్లు, గీజర్లే. అలాంటి సమయంలో భవానీప్రసాద్ పిలిచాడు. మిరప పండించి పండించి చివరికి కారం మిల్లు పెడుతున్న రైతు. మూడు మోటార్ల పని ఆమెకిచ్చి, ఇది నచ్చితే కీసర దగ్గర కట్టబోయే కోల్డ్ స్టోరేజీ పని కూడా నీకే అన్నాడు. ఆ పని దక్కితే నలుగురు మనుషుల్ని పెట్టుకుని కాంట్రాక్టరు అనిపించుకోవచ్చు. ఆ ఆశతోనే ఆమె నెల రోజులు ఒళ్ళు దాచుకోకుండా పనిచేసింది.

ఒక్క పొరపాటు చేసింది. గ్లాండులు నేను తెస్తానని ప్రసాద్ బావమరిది సతీష్‌బాబు అంటే సరేనంది, తెచ్చిన పొట్లం విప్పి చూసుకోలేదు. ఆదివారం పొద్దున, ముహూర్తం రోజున, విప్పింది. అన్నీ లావు కేబుల్‌కు పనికొచ్చేవి. మిల్లు కేబుల్ వాటిలో వదులుగా ఆడుతోంది.

"పెద్దవే తీసుకున్నా. ఇయ్యాల చిన్న కేబులేసినా పడుద్ది, రేపు లావుదేసినా పడుద్ది," అన్నాడు సతీష్‌బాబు గొప్పగా. ఎదిగే పిల్లాడికని రెండేళ్ళకు సరిపడే చొక్కా కొనే జనం మనం, ఆయన్ను ఒక్కణ్ణీ అని ఏం లాభం? కేబుల్‌కు నాలుగు చుట్లు టేపు చుడితే బిగుస్తుందని సలహా కూడా ఇచ్చాడు. ఊళ్ళో చాలామంది చేసేది అదే.

జెరూషా కుదరదంది. టేపు వేడికి జారిపోతుందని, మిల్లు అదురుకు కేబుల్ డబ్బా అంచుకు రాసుకుని రాసుకుని తెగుతుందని, అప్పుడు ఆ ఇనుముకే కరెంటు వస్తుందని చెప్పింది. ఎర్త్ ఉందిగా అన్నాడు సతీష్‌బాబు.

"సీటు బెల్టు ఉందని లారీని గుద్దుకోంగదండీ," అంది.

భవానీప్రసాద్‌కు ఈ వాదన రుచించలేదు. ఆలస్యం అమృతం విషం అన్నాడు. ఆమె నిదానమే ప్రధానం అంది. సామెతకు సామెత చెల్లింది, పని మాత్రం అక్కడే ఉంది. చివరికి ఆయన మెల్లగా, అందరికీ వినపడేలా అన్నాడు.

"పదకొండున్నరకి ముహూర్తం. ఆ టైముకి మిల్లు తిరక్కపోతే కీసర పని తిరుపతిరావుకిచ్చేస్తా. నీ ఇష్టం."

ఆమె మెయిన్ బోర్డు దగ్గరికి నడిచి మూడు మోటార్ల ఫ్యూజులూ పీకింది. వాటిని స్కూటీ డిక్కీలో వేసి తాళం వేసుకుంది, తను లేనప్పుడు ఎవరూ టేపు చుట్టి స్విచ్ వెయ్యకుండా. ఒక కేబుల్ ముక్క కోసుకుని నందిగామ బయల్దేరింది. పేటలో షాపులు మూసి ఉన్నాయి. నందిగామలోనూ మూసే ఉంటాయి, కానీ అక్కడ షాపు గల థామస్ ఎక్కడుంటాడో ఆమెకు తెలుసు.

థామస్ చర్చిలో ముందు వరసలో ఉన్నాడు. అందరూ కళ్ళు మూసుకున్న సమయం చూసి జెరూషా వెళ్ళి ఆయన చొక్కా లాగింది.

"ప్రార్థన మధ్యలోంచి లాక్కొచ్చావ్ చెల్లెమ్మా," అని గొణిగాడాయన షాపు షట్టరు ఎత్తుతూ.

"దేవుడు ఏమీ అనుకోడన్నా. ప్రసాద్ గారే అనుకుంటారు."

గడియారం పరిగెడుతున్నా ఆమె తొందరపడలేదు. ఒక్కో గ్లాండులో కేబుల్ ముక్క పెట్టి, నట్టు బిగించి, లాగి చూసింది. రింగు పలచగా ఉన్నవి పక్కకు తోసింది, నట్టు మర జారినవి వెనక్కిచ్చేసింది. థామస్ చెప్పిన చవక రకాన్ని కన్నెత్తి చూడలేదు. రింగు కేబుల్‌ను చుట్టూ సమంగా పట్టుకున్న రకం దొరికాక, మూడు మోటార్లకూ సరిపడా తీసుకుని బండెక్కింది.

తిరిగొచ్చేసరికి పంతులుగారు గడియారం చూస్తున్నారు, పిలిచిన చుట్టాలు కుర్చీలు నింపేశారు. ఉన్న కాస్త సమయంలో ఒక్క మోటారు కేబుల్‌కే రెండు చివర్లా గ్లాండులు బిగించగలిగింది. కాలు తన్నిపెట్టి కేబుల్ లాగింది, కదల్లేదు. ఆ ఒక్కదానికే ఫ్యూజులు పెట్టింది. భవానీప్రసాద్ కొబ్బరికాయ కొట్టి స్విచ్ వేశాడు, మోటారు తిరిగింది, ఘాటుకు చుట్టాలందరూ తుమ్మారు.

మిగతా రెండూ అని అడిగాడాయన. సాయంత్రానికండి అంది. మూడు తిరుగుతాయని ఊరంతా పిలుచుకున్న మనిషి ముఖం ఎర్రబడింది. అక్కడే, ఆమె ఎదుటే, తిరుపతిరావుకు ఫోన్ చేసి కీసర పని ఖాయం చేశాడు.

జెరూషాకు ఏడుపొచ్చింది. కారం ఘాటనుకుంటారులే అని కళ్ళు తుడుచుకుని రెండో మోటారు దగ్గర కూర్చుంది. ఇంత జరిగినా బిగింపులో ఒక్క చుట్టు తగ్గించలేదు. నిజం చెప్పాలంటే, ఇంకాస్త కసిగా బిగించింది.

సాయంత్రం మూడూ తిరిగాయి. ప్రసాద్ తల్లి రాఘవమ్మ గిన్నెలో పసుపు కలుపుకుని వచ్చింది. మూడూ తిరిగాకే, తిరుగుతుండగానే బొట్టు పెడతానని పొద్దుట్నుంచి పట్టుబట్టి కూర్చుందావిడ. మోచేతి దాకా నీళ్ళు కారుతున్నాయి. కొడుకు వద్దనబోయాడు. జెరూషా వైపు చూశాడు.

"పెట్టనియ్యండి," అంది జెరూషా.

రాఘవమ్మ మొదటి మోటారు డబ్బా మీద అరచెయ్యంతా ఆనించి పసుపు రాసింది. రెండోదానికి రాసింది. పక్కనే కేబుల్ అదురుతోంది, డబ్బాలోకి దూరే చోట మాత్రం కదలడం లేదు. తన చేతి పని ఎలాంటిదో తెలిసినా జెరూషా ఊపిరి బిగబట్టే చూసింది. కీసర పని పోయినందుకు బాధ ఉంది. ఫ్యూజులు పీకినందుకు మాత్రం లేదు.

రాఘవమ్మ మూడో డబ్బాకు కూడా తడిచేత్తో పసుపు రాసి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, టీ తాగడానికి వెళ్ళిపోయింది.