ముల్లుకు చిరిగిన పారాచూట్

మా నాయనకు చదువు రాదు. నేను పటాలం నుంచి రాసిన ఉత్తరాలన్నీ ధర్మవరంలో మా పోస్టుమానే చదివేవాడు, అదీ మా అరుగు మీద కూర్చుని గొంతెత్తి మరీ. చుట్టుపక్కల మగ్గాల చప్పుడు ఆగిపోయేది. నాలుగిళ్ళవాళ్ళు చేరేవాళ్ళు. ఈ సంగతి తెలుసు కాబట్టి ఆగ్రాలో పారాచూట్ దళం నుంచి నేను రాసేవి పేరుకు నాయనకు, నిజానికి వీధికి. విమానంలోంచి దూకుతుంటే పిట్టలా ఉంటుందని ఒకసారి రాశాను. పచ్చి అబద్ధం. మొదటిసారి దూకిన రోజు నుంచీ విమానం ఎక్కితే చాలు, తలుపు వైపు చూడలేక కళ్ళు మూసుకునేవాణ్ణి.

అరవైల మొదట్లో, ఎనిమిదోసారి దూకినప్పుడు నా కాలు విరిగింది. విమానం తలుపు దగ్గర వెనకాముందాడకుండా బలంగా అడుగేసి బయటికి దూకాలి. అక్కడ నేర్పే పెద్ద విద్య అదే. ఆ రోజు నేను ఒక్క క్షణం తలుపు పట్టుకుని ఆగాను. వెనకవాడి భుజం తగిలి, జారిపడ్డట్టు బయటపడ్డాను. గాలి నన్ను బొంగరంలా తిప్పేసింది. పారాచూట్ విచ్చుకుంది గానీ తాళ్ళు మెలిపడ్డాయి. గాల్లో కాళ్ళు తన్నుకుంటూ ఆ మెలికలు విప్పుకునేలోపే నేల వచ్చేసింది. రెండు పాదాలూ కలిపి దిగాల్సినవాణ్ణి ఒంటికాలి మీద దిగాను. చీలమండ దగ్గర ఎముక విరిగిన చప్పుడు నాకే వినపడింది. అంతటితో వదలక, గాలి పారాచూట్‌నూ నన్నూ కలిపి తుమ్మకంపల మీదుగా ఈడ్చుకుపోయింది.

కట్టు విప్పాక నెల రోజులు సెలవిచ్చారు. సెలవు అయ్యాక మళ్ళీ దూకాలి. తలుపు దగ్గర మొండికేసినవాడి దగ్గర మా దళం గుర్తైన ఎర్రటోపీ తీసేసుకుని వేరే దళానికి పంపేస్తారు. ఆ నెలంతా నాది ఒకటే దిగులు, ఆ తలుపు దగ్గర నా పాదం మళ్ళీ ఆగిపోతుందేమోనని. అన్నం తింటున్నా అదే, స్నానం చేస్తున్నా అదే.

ఇంట్లో మాత్రం తప్పంతా పారాచూట్ మీదికి తోశాను. చిరిగి పనికిరాకుండా పోయిన ఆ గుడ్డలోంచి మూరెడు ముక్క స్టోరులో అడిగి తెచ్చుకున్నాను. దాన్ని అమ్మ ముందూ ఇరుగుపొరుగు ముందూ పరిచి, "పైన ఉండంగానే పర్రుమని చినిగిపోయ" అని చెప్పాను. అమ్మ ఏడ్చింది. పక్కింటాయన ఆ గుడ్డ నేసినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాడు. నాయన మగ్గం గుంతలోంచి లేచి వచ్చి, ఆ ముక్కను వెలుతురుకు పట్టి చూశాడు. నలభై ఏళ్ళుగా పట్టు నేస్తున్న మనిషి. చిరిగిన అంచు వెంబడి ఒక్కో పోగునూ గోటితో కదిలించి చూశాడు.

"నేత బాగుండాది," అన్నాడు. మడిచి నా చేతికిచ్చి మళ్ళీ గుంతలోకి దిగాడు.

నాకు ఒళ్ళు మండింది. కొడుకు కాలు విరిగి కూర్చుంటే ఈయన గుడ్డను మెచ్చుకుంటాడేమిటి? రెండు రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

సెలవు ఇంకో వారం ఉందనగా నాయన పట్టు తేవడానికి హిందూపురం పోతూ నన్నూ రమ్మన్నాడు. కాలు కాస్త ఆడితే మంచిదన్నాడు. పెనుకొండలో ఇంజనుకు నీళ్ళు పట్టడానికి బండి ఆగింది. మా పెట్టె ప్లాట్‌ఫారం దాటి కంకర మీద నిలబడింది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, నాయన చెంబు పట్టుకుని టక్కున దిగిపోయాడు.

"దిగురా, నీళ్ళు తాగుదాం," అన్నాడు కింద నుంచి.

నేను తలుపు దగ్గరికొచ్చి రెండు పక్కలా కడ్డీలు పట్టుకున్నాను. ఉన్నవి మూడే మెట్లు. కింద కంకర. నా చేతులు కడ్డీలను వదల్లేదు. వెనక గంపతో ఒక ముసలామె, "దిగప్పా, బండి పోతాది" అని పోరుతోంది. ఎదురుగా ఎండలో పెనుకొండ కొండ. దాని వైపు చూస్తున్నట్టు నటించాను. చివరికి పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చాను. ఆమె గంప నెత్తిన పెట్టుకునే దిగిపోయింది. నాయన ఇదంతా చూస్తూ నిలబడ్డాడు.

బండి కదిలాక నా పక్కన కూర్చుని చెంబు ఇచ్చాడు. తాగాను.

"బరువుకు తెగే పోగు సాగి, సన్నబడి తెగుతాది," అన్నాడు, పక్కవాళ్ళకు వినపడకుండా. "నీ గుడ్డలో ఒక్క పోగూ సాగలేదు. నువ్వు కింద పడినంక ముల్లుకు చినిగిండాది అది."

నేను కిటికీ వైపు తిరిగాను.

"నేసినోడు యాడుండాడో ఏమో పాపం. వాని మీద తప్పెయ్యొద్దురా."

నేతపనివాడి ఇంట్లో పుట్టి, ఆ నేతపనివాడికే గుడ్డ గురించి అబద్ధం చెప్పాను! సిగ్గుతో చచ్చిపోయాను.

"భయమైంది నాయనా. తలుపు కాడ నిలబడిపోతి," అన్నాను.

"మళ్ళా దూకల్లా?"

"దూకల్లా."

"ఇప్పుడూ భయమేనా?"

"ఇంకా ఎక్కువైంది."

వద్దనలేదు, ధైర్యమూ చెప్పలేదు. హిందూపురం దగ్గరపడుతుండగా మాత్రం, "దూకినంక జాబు రాయి. పిట్ట, గిట్ట అని రాయొద్దు. ఉన్నదున్నట్టు రాయి," అన్నాడు.

మళ్ళీ దూకిన రోజు తలుపు దగ్గర నా పాదం ఆగింది. బింకాలు పోవడం ఎందుకు, ఆగింది. కానీ వెనకవాడి భుజం తగలకముందే కదిలింది. ఎలా కదిలిందో నాకు ఇప్పటికీ తెలియదు. దున్నిన చేలో రెండు పాదాలూ కలిపి దిగాను, పక్కకు దొర్లాను, లేచి కూర్చుని వాంతి చేసుకున్నాను.

మర్నాడు ఇన్లాండు లెటరు ముందు పెట్టుకుని కూర్చుంటే మళ్ళీ అదే తలుపు దగ్గర నిలబడ్డట్టయింది. ఇది పోస్టుమాను చదువుతాడు, వీధి వింటుంది, పక్కింటాయన నవ్వుతాడు. అయినా రాశాను. అప్పుడు గుడ్డ చినగలేదని, నేనే ఆగిపోయానని, ఈసారీ భయపడ్డానని, దూకానని, వాంతి చేసుకున్నానని, కాలు బాగుందని. అంటించి డబ్బాలో వేసేశాను.

మామూలుగా పదిహేను రోజుల్లో పోస్టుమాను చేతిరాతతో జవాబు వచ్చేది. ఈసారి రాలేదు. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. వీధంతా నవ్వి ఉంటుంది, నాయన తలెత్తుకోలేక రాయించడం మానేసి ఉంటాడు అనుకున్నాను. నేనూ పంతానికి పోయి ఇంకో ఉత్తరం రాయలేదు. ఆరు నెలలకు సెలవు దొరికితే, తలొంచుకునే మా వీధిలోకి వచ్చాను. ఎవరూ నవ్వలేదు. పక్కింటాయన ఎదురొచ్చి, ఆ దరిద్రపు గుడ్డలు మార్చారా లేదా అని అడిగాడు.

నాయన నన్ను ఇంట్లోకి తీసుకుపోయి జరీ చుట్టిన కండెల పెట్టె తెరిచాడు. అడుగున నా ఉత్తరం ఉంది. అంటించింది అంటించినట్టే ఉంది. పట్టుకుని పట్టుకుని మూలలు నలిగిపోయాయి.

"పోస్టుమాను చించబోతే మీ నాయనే పెరుక్కున్నాడు," అంది అమ్మ, గడప దగ్గర నిలబడి.

"విప్పనే లేదా నాయనా?"

"ఉన్నదున్నట్టు రాయమంటి కదరా. అది వీధికెందుకు?"

"మరి నేనెట్లుండేది నీకెట్ల తెలుస్తాది? ఒక ముక్క రాయించి అడగొచ్చు కదా."

"అడగల్లంటే వానితోనే రాయించల్లా, నీ జవాబూ వానితోనే చదివించల్లా. పైన రాత నీదే అని గుర్తుపట్టినా. బతికుండావని అంతే తెలుసు. కాలుండాదో పోయిందో..." ఆయన కళ్ళలో నీళ్ళు నేను చూడటం అదే మొదలు. "ఇప్పుడు చదువు. మెల్లిగ చదువు."

నేను అంచు చించి చదవడం మొదలుపెట్టాను. ఆయన నా కాలును ఒడిలోకి లాక్కుని, విరిగిన చోట ఎముక చుట్టూ బొటనవేలితో తడిమి చూస్తూ చివరిదాకా విన్నాడు.